‘పాత బండి గట్టిది’: డిమాలిషన్ డెర్బీ షెడ్డులో ఈ మాట ఎంతవరకు నిజం?

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ దగ్గర కాసేపు నిలబడితే ఉక్కు చుట్టలు మోసుకొచ్చే ట్రెయిలర్లు ఎదురవుతాయి. ఒకప్పుడు ఎస్సార్ స్టీల్‌గా ఉండి, 2019 డిసెంబరులో ఆర్సెలార్ మిట్టల్, నిప్పన్ స్టీల్ కంపెనీల చేతికి వచ్చిన కర్మాగారం హజీరాలోనే ఉంది. అక్కడ తయారయ్యే ఉక్కులో కొంత కార్ల డోర్లు, బానెట్లుగా మారుతుంది. పాత కార్లను తుక్కు చేసే కేంద్రం కూడా ఇదే సూరత్‌లో ఉంది. కొత్త కారుకు రేకు పుట్టే చోటు, పాత కారు ఆయుష్షు తీరే చోటు ఒకే ఊళ్లో ఉన్నాయన్నమాట.

ఈ రెండు చోట్లే కాదు, విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డుకు వెళ్లినా వినిపించే మాట ఒకటుంది. ‘ఇప్పటి కార్లలో ఏముంది, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. పాత బండ్లే గట్టివి. గుద్దినోడికి దెబ్బ తగలాలి గానీ వాటికేమవుతుంది’ అంటారు. కారు కొనేటప్పుడు డోరు వేసి చూసి, ఆ చప్పుడును బట్టి బండి ఎంత భద్రమో తేల్చేవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు.

ఈ మాటను నిజంగానే గుద్ది చూసే ఆట ఒకటి అమెరికాలో ఉంది. పేరు డిమాలిషన్ డెర్బీ. పాత కార్లను ఒక బరిలోకి దింపి ఒకదానితో ఒకటి ఢీకొట్టిస్తారు. చివరిదాకా కదులుతూ ఉన్న కారుదే గెలుపు. మన దేశంలో ఈ ఆట లేదు. అయితే ఆ కార్లను బరికి సిద్ధం చేసే పద్ధతిని కాస్త దగ్గరగా చూస్తే, ‘గట్టి బండి’ అంటే ఏమిటో మన టింకరింగ్ షెడ్డులో కంటే అక్కడే బాగా అర్థమవుతుంది.

తిరనాళ్లలో కార్ల కుస్తీ

ఈ ఆట మొదట ఎక్కడ పుట్టిందన్నది వివాదమే. 1940ల చివర్లో కాలిఫోర్నియాలో జరిగిందంటారు కొందరు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇస్లిప్ స్పీడ్‌వేలో 1958లో లారీ మెండెల్సన్ నిర్వహించిన పోటీతోనే దీనికి పేరు వచ్చిందంటారు ఇంకొందరు. ఆ తర్వాత ఏబీసీ టీవీ క్రీడా కార్యక్రమం ద్వారా దేశమంతా తెలిసింది. ఇప్పుడు ఇది ఎక్కువగా కౌంటీ ఫెయిర్లలో కనిపిస్తుంది. కౌంటీ ఫెయిర్ అంటే మన తిరనాళ్లు, పశువుల సంత కలిసినట్టుండే వేసవి జాతర. ఒహాయో, మిషిగన్, ఇండియానా వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది కొత్తేమీ కాదు.

బరి చిన్నదిగా ఉంటుంది. చుట్టూ కాంక్రీటు దిమ్మెలు అడ్డం పెడతారు. నేలను నీళ్లతో తడిపి బురద చేస్తారు. చూడ్డానికి ఇది వినోదం కోసం చేసిన పనిలా ఉంటుంది గానీ, బురదలో చక్రాలు జారి కారు వేగం అందుకోలేకపోవడమే అసలు ఉద్దేశం. డ్రైవర్ కూర్చున్న వైపు డోరును గుద్దకూడదు. కావాలని గుద్దితే పోటీ నుంచి పంపేస్తారు. నిర్ణీత సమయంలో, చాలాచోట్ల ఒక నిమిషం అటూ ఇటూగా, ఎవరినో ఒకరిని ఢీకొట్టి తీరాలి. దాక్కుని గెలుద్దామంటే కుదరదు. ఓడిపోయానని ఒప్పుకునే డ్రైవర్ తన కిటికీ పక్కన కట్టిన కర్రను విరిచేస్తాడు. కర్ర విరిగిన కారును మళ్లీ ఎవరూ ముట్టుకోకూడదు.

పెద్ద పాత కార్లే ఎందుకు?

1970ల తొలినాళ్ల షెవర్లే ఇంపాలా పొడవు ఐదున్నర మీటర్లు దాటుతుంది. బరువు దాదాపు రెండు టన్నులు. మన మారుతి 800 పొడవు 3.3 మీటర్లు, బరువు సుమారు 650 కిలోలు. అంటే బరువులో మూడు మారుతులు కలిస్తే ఒక ఇంపాలా.

బరువు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి చిన్న లెక్క చాలు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రెండు టన్నుల కారు, నిలబడి ఉన్న ఒక టన్ను కారును గుద్ది రెండూ కలిసి కదిలాయనుకుందాం. రెండూ 20 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతాయి. బరువైన కారు వేగం 10 తగ్గితే, తేలిక కారు వేగం ఒక్కసారిగా 20 పెరిగింది. ఆ తేడా అంతా లోపల కూర్చున్నవాళ్ల మెడ మీదే పడుతుంది. ‘పెద్ద బండి గట్టిది’ అనే మాటలో నిజం ఉన్నది ఇక్కడే.

రెండో కారణం ఛాసీ. ఆ కాలపు పెద్ద అమెరికన్ కార్లు చాలావరకు లారీ పద్ధతిలో తయారయ్యేవి. కింద దూలాల్లాంటి ఉక్కు ఛాసీ, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ. బాడీ చితికినా ఛాసీ నిలబడితే కారు కదులుతూనే ఉంటుంది. ఇప్పటి కార్లకు విడిగా ఛాసీ ఉండదు. బాడీయే ఛాసీ. డెర్బీ షెడ్లలో షెవర్లే కాప్రిస్, ఫోర్డ్ ఎల్‌టీడీ, పోలీసు కారుగా సినిమాల్లో అందరూ చూసిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, లింకన్ టౌన్ కార్ వంటి పేర్లు వినపడేది ఇందుకే. 1960ల నాటి క్రైస్లర్ ఇంపీరియల్‌ది ఇంకో కథ. అది మరీ మొండిది కావడంతో చాలాచోట్ల పోటీకే రానివ్వరు.

షెడ్డులో మొదటి వారం: తీసేయడమే పని

డెర్బీ కారు తయారీ అనగానే ఇనుప కమ్మీలు వెల్డింగ్ చేయడం గుర్తొస్తుంది. నిజానికి మొదట చేసేదంతా తీసేసే పనే. అద్దాలన్నీ తీసేస్తారు. పగలగొట్టి లోపల వదిలేస్తే కుదరదు, ఒక్క పెంకు కూడా మిగలకుండా ఊడ్చి తీయాలి. లైట్లు, ప్లాస్టిక్ ముక్కలు, సీట్లు, కార్పెట్లు, డోర్ల లోపలి అట్టలు, ఎయిర్‌బ్యాగ్‌లు ఉంటే అవీ బయటకు వచ్చేస్తాయి. మంట అంటుకునేదీ, ఎగిరి తగిలేదీ ఏదీ మిగలకూడదు.

తర్వాత పెట్రోలు ట్యాంకు. పాత కార్లలో అది వెనక డిక్కీ కింద ఉంటుంది. డెర్బీలో కారు ఎదుటివాణ్ని గుద్దేది ఎక్కువగా వెనకతోనే. కాబట్టి ఆ ట్యాంకును పూర్తిగా విప్పి పారేసి, చిన్న లోహపు డబ్బాలాంటి ట్యాంకును కారు లోపల, వెనక సీటు ఉండే చోట పట్టీలతో బిగిస్తారు. ఆట పది పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది కనుక కొద్ది లీటర్ల పెట్రోలు చాలు. బ్యాటరీని బానెట్ కింద నుంచి తీసి డ్రైవర్ పక్కన నేల మీదకు మార్చి, మూత వేస్తారు. రేడియేటర్‌లో కూలెంట్ ఒంపేసి మంచినీళ్లు పోస్తారు. అది పగిలితే బరి నేలంతా రసాయనం పారకూడదని ఈ ఏర్పాటు.

డోర్లను వెల్డింగ్ చేసో, గొలుసులతో కట్టేసో మూసేస్తారు. డ్రైవర్ కిటికీలోంచే లోపలికి దిగాలి. బానెట్‌ను బోల్టులతో బిగించి, మధ్యలో పెద్ద కంత కోస్తారు. ఇంజిన్‌కు మంట అంటుకుంటే బానెట్ తెరిచే తీరిక ఉండదు, ఆ కంతలోంచే ఆర్పాలి. ముందు అద్దం ఉండాల్సిన చోట పైకప్పు నుంచి కింది అంచు వరకు కమ్మీలు నిలబెడతారు. గుద్దుడికి ఊడిన బానెట్ నేరుగా డ్రైవర్ ముఖం మీదకు రాకుండా ఆపేవి ఇవే. సీటు వెనక అడ్డంగా ఒక ఇనుప గొట్టం, డ్రైవర్ డోరుకు అదనపు పలక, సీటు బెల్టు, హెల్మెట్ దాదాపు ప్రతిచోటా తప్పనిసరి. మిగతా నిబంధనలు నిర్వాహకుణ్ని బట్టి మారతాయి.

తర్వాత మెకానిక్‌లకు ఇష్టమైన భాగం. మామూలు కారులో ఒక చక్రం బురదలో ఇరుక్కుంటే డిఫరెన్షియల్ శక్తినంతా ఆ తిరిగే చక్రానికే పంపి కారును నిలబెట్టేస్తుంది. డెర్బీవాళ్లు డిఫరెన్షియల్ హౌసింగ్ విప్పి లోపలి స్టార్ పినియన్లను కలిపి వెల్డింగ్ చేసేస్తారు. ఇక రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. రోడ్డు మీద మలుపు తిరగాలంటే ఆ కారు నరకం, బరిలో మాత్రం వరం. సైలెన్సర్ గొట్టాలను కిందికి కాకుండా బానెట్‌లోంచి పైకి తిప్పుతారు. గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబరచడానికి విడిగా ఒక కూలర్ పెడతారు. పోటీలో చాలా కార్లు ఆగిపోయేది చితికిపోయి కాదు, వేడెక్కి. రేడియేటర్ పగిలిన ఇంజిన్ నీళ్లు లేకుండా ఎన్ని నిమిషాలు తిరుగుతుందన్నది ఒక్కోసారి గెలుపోటములు తేల్చేస్తుంది. అనుభవమున్న డ్రైవర్ వెనక్కి నడుపుతూ డిక్కీతో గుద్దేది, తన రేడియేటర్‌ను కాపాడుకుంటూ ఎదుటివాడి రేడియేటర్‌నో ముందు చక్రాన్నో దెబ్బతీయడానికే.

అసలు విద్య: ఎక్కడ వంగాలో నిర్ణయించడం

కొత్తగా ఈ ఆటలోకి వచ్చినవాళ్లు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. దొరికిన ప్రతి అతుకునూ వెల్డింగ్ చేసి కారును ఇనుప దిమ్మెలా మారుద్దామనుకుంటారు. నిర్వాహకులు దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఎన్ని అంగుళాల వెల్డింగ్, ఎంత మందం పలక అన్నది నిబంధనల్లోనే ఉంటుంది. ఛాసీ దూలం లోపల దొంగతనంగా ఇనుము దూర్చారేమో చూడటానికి దానికి చిన్న రంధ్రం వేసి మరీ తనిఖీ చేసే చోట్లూ ఉన్నాయి.

పాత చేయి తిరిగినవాళ్ల పద్ధతి వేరు. వాళ్లు వెనక ఛాసీ దూలానికి ఒకచోట కావాలనే గంటు పెట్టి బలహీనం చేస్తారు, లేదా కాస్త ముందే వంచి ఉంచుతారు. వెనక నుంచి గట్టి దెబ్బ తగిలితే డిక్కీ భాగం కిందికి కుంగి టైర్లకు ఒరుసుకోకుండా, తేలు కొండిలా పైకి లేస్తుంది. టైర్లు తిరుగుతూనే ఉంటాయి. ఇంజిన్, డ్రైవర్ ఉన్న మధ్యభాగం మాత్రం బిగువుగా నిలబడుతుంది. అంటే కారులో ఒక భాగాన్ని బలి ఇవ్వడానికి, ఇంకో భాగాన్ని కాపాడటానికి ముందే పంచుకుంటారు.

ఈ ఆలోచన తిరనాళ్ల షెడ్డులో పుట్టింది కాదు. మెర్సిడెస్ బెంజ్ ఇంజనీర్ బేలా బరేనీ 1951లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన సూత్రం ఇదే. కారు ముందూ వెనకా నలగాలి, మధ్యలో మనుషులున్న గది నలగకూడదు. ఆ సూత్రంతో మెర్సిడెస్ కారు 1959లో మార్కెట్లోకి వచ్చింది. నేటి ప్రతి కారు ముందు భాగం సులువుగా నలిగేలా ఉండటానికి కారణం కంపెనీ పిసినారితనం కాదు, ఆ పేటెంట్.

ఇది అర్థం కావాలంటే ఇంకో లెక్క చూడాలి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ఆ వేగంతో వెళ్లి ఢీకొన్న కారు ముందు భాగం అర మీటరు నలిగి ఆగితే, బెల్టు పెట్టుకున్న మనిషి మీద పడే కుదుపు గురుత్వాకర్షణకు దాదాపు 10 రెట్లు. అదే కారు మొండిగా ఉండి 10 సెంటీమీటర్లే నలిగి ఆగితే అది దాదాపు 50 రెట్లు అవుతుంది. కారు తీసుకోని దెబ్బ మనిషి తీసుకోవాల్సి వస్తుంది.

మరి డెర్బీ డ్రైవర్లు అన్నన్ని గుద్దుళ్లు ఎలా తట్టుకుంటున్నారు? వాళ్ల మెడనొప్పుల మీద 2005లో వెలువడిన ఒక వైద్య అధ్యయనంలో దీర్ఘకాలం నొప్పి మిగిలినవారు తక్కువమందే తేలారు. బురద, చిన్న బరి, బెల్టు, హెల్మెట్, డ్రైవర్ డోరు జోలికి పోకూడదన్న నియమం, అన్నిటికీ మించి తక్కువ వేగం. హైవే మీద ఇవేవీ ఉండవు.

1959 మోడల్, 2009 మోడల్ ఎదురెదురుగా

హైవే వేగంలో ఏమవుతుందో చూపించే ప్రయోగం కూడా జరిగింది. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ తన 50 ఏళ్ల సందర్భంగా 2009లో ఒక 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ను, ఒక 2009 షెవర్లే మాలిబును ఎదురెదురుగా ఢీకొట్టించింది. రెండూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో వచ్చాయి. బెల్ ఎయిర్ విడి ఛాసీ ఉన్న పెద్ద కారు.

ఫలితం చూసి పాత కార్ల అభిమానులు చాలాకాలం మండిపడ్డారు. బెల్ ఎయిర్‌లో మనుషులు కూర్చునే గదే కుప్పకూలింది. స్టీరింగ్ వెనక్కీ పైకీ తోసుకొచ్చింది. డ్రైవర్ సీట్లోని బొమ్మ తల స్టీరింగ్‌కు, పైకప్పుకు కొట్టుకుంది. మాలిబు ముందు భాగం తుక్కుతుక్కయింది గానీ లోపలి గది నిలబడింది. అందులోని మనిషికి మోకాలి దగ్గరో పాదానికో చిన్న గాయం అయ్యేదంతే.

మన దేశంలో 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కూడా ముందు నుంచి గుద్దించే వేగం ఇదే 64 కిలోమీటర్లు. నక్షత్రాలు ఇచ్చేటప్పుడు చూసేది రేకు మందం కాదు, లోపలి బొమ్మకు ఏమైందన్నది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివారు. తిరనాళ్ల బరిలో 30 కిలోమీటర్ల వేగానికి కూడా బెల్టు లేకుండా కారు ఎక్కనివ్వరు.

అంబాసిడర్ అయితే? సుమో అయితే?

మన దగ్గర గట్టి బండికి పర్యాయపదం అంబాసిడర్. హిందుస్థాన్ మోటార్స్ 1942లో మొదలైంది గుజరాత్‌లోని ఓఖా రేవులోనే. తర్వాత బెంగాల్‌లోని ఉత్తరపారాకు వెళ్లి, అక్కడ 2014 వరకు అంబాసిడర్లు తయారుచేసింది. చాలామందికి తెలియని సంగతేమిటంటే అంబాసిడర్‌కు విడి ఛాసీ లేదు. దాని మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లాగే అదీ బాడీయే ఛాసీ అయిన కారు. డెర్బీ షెడ్డుకు వెళితే దానికి పెద్ద గిరాకీ ఉండదు.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన టాటా సుమో మాత్రం లారీ తరహా ఛాసీ ఉన్న బండే. మన ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి ఎగిరి పేలిన సుమోలను లెక్కపెడితే, డిమాలిషన్ డెర్బీకి మనం అంత దూరంలో ఏమీ లేమనిపిస్తుంది. అయినా అమెరికా డెర్బీవాడు సుమోను ఎంచుకోడు. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. పక్క నుంచి గుద్దితే పల్టీ కొడుతుంది.

సూరత్‌లో పాత కారు చివరి రోజు

మన పాత కార్లకు బరి లేదు, తుక్కు కేంద్రం ఉంది. వాహనాల తుక్కు విధానాన్ని ప్రధాని 2021 ఆగస్టులో గుజరాత్‌ పెట్టుబడిదారుల సదస్సులో ప్రారంభించారు. టాటా మోటార్స్ ‘రీవైర్’ పేరుతో పెట్టిన తుక్కు కేంద్రాల్లో మూడోది 2023 సెప్టెంబరులో సూరత్‌లో మొదలైంది. ఏడాదికి 15,000 వాహనాలను విడదీసే సామర్థ్యం దానిది.

అలాంటి కేంద్రంలో మొదటి పని డెర్బీ షెడ్డులో మొదటి పనిలాగే ఉంటుంది. బ్యాటరీ తీయడం, పెట్రోలు ఒంపడం, ఆయిళ్లు, కూలెంట్, ఏసీ గ్యాస్ విడిగా పట్టడం, ఎయిర్‌బ్యాగ్‌లు పేలకుండా చేయడం, అద్దాలు, టైర్లు, సీట్లు విప్పడం. ఊరి చివర పాత ఇనుప సామాన్ల కొట్లలో ఆయిల్ నేల మీదే ఒంపేస్తారు. కొత్త నిబంధనలు కాదనేది దాన్నే. ఆ కొట్ల మీద బతికేవాళ్ల సంగతి మాత్రం విధానంలో పెద్దగా కనపడదు. బండిని అప్పగించిన యజమానికి డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూపించి కొత్తది కొంటే సొంత వాహనానికి రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది.

అమెరికాలో ఇలాంటి పథకమే డెర్బీవాళ్ల కడుపు కొట్టింది. 2009లో పాత కారు ఇచ్చి కొత్తది కొంటే సొమ్మిచ్చే పథకం కింద 6.7 లక్షలకు పైగా వాహనాలు తుక్కులోకి వెళ్లాయి. వాటి ఇంజిన్లు మళ్లీ ఎవరూ వాడకుండా ఆయిల్ తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, బిగుసుకుపోయేదాకా నడిపారు. ఇంజిన్ పోయిన కారు డెర్బీకి దండగ. 2011 సెప్టెంబరులో కెనడాలోని సెయింట్ థామస్ ప్లాంటు నుంచి చివరి క్రౌన్ విక్టోరియా బయటకు వచ్చింది. విడి ఛాసీ ఉన్న పెద్ద అమెరికన్ సెడాన్ ఆ తర్వాత రాలేదు.

అందుకే ఇప్పుడు డెర్బీ ముగిశాక షెడ్డుకు చేరిన కారును వెంటనే తుక్కుకు పంపరు. ఇంజిన్, డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, లోపలి ఇనుప గొట్టాలు, బంపర్ విప్పి తర్వాతి బండి కోసం దాచుకుంటారు. కొత్త కుర్రాళ్లు చిన్న కార్ల పోటీలో చేయి తిప్పుకుంటున్నారు. ఆ కార్లు రెండు మూడు గుద్దుళ్లకే ముందు భాగం ముడుచుకుపోయి, చక్రాలు బిగుసుకుని ఆగిపోతాయి. డ్రైవర్ కర్ర విరిచి కిటికీలోంచి దిగి వచ్చేస్తాడు.